సప్తాహంలో ఏడవని బాబు

నా రిటైర్మెంట్ రోజున మా హెల్త్ సెంటర్‌లో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఒకే సంగతి చెప్పారు. ఒక సప్తాహంలో, అంతమంది ఆడవాళ్ళ మధ్య, ఈమె ఉయ్యాలలో ఉన్న బాబును ఒక్క చూపు చూసి ప్రమాదం పసిగట్టిందని, నిమిషంలో దవాఖానకు తీసుకుపోయిందని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టి కూర్చున్నాను.

ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, మా ఏరియా ఆశ కార్యకర్త. ఆమె వెనక వరుసలో కూర్చొని సమోసా తింటూ నన్నే చూసి నవ్వుతోంది.

కొత్తగా ఏఎన్‌ఎం డ్యూటీలో చేరుతున్న అమ్మాయిలూ, ఆ రోజు సంగతి ఉన్నది ఉన్నట్టు మీకు రాస్తున్నాను. గర్వంగానే రాస్తున్నాను. ఎందుకు గర్వమో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది వర్ధన్నపేట పక్కన పల్లె. నాకు చదువు చెప్పింది బడి కంటే ముందు మా నానమ్మ. ఆమెకు చూపు ఆనేది కాదు. రోజూ పొద్దున ఆమె ముందు కూర్చొని పారాయణం పైకి చదవాలి. తప్పు చదివితే ఆమె చేతిలోని జపమాలతో మోకాలి మీద చిన్న దెబ్బ వేసేది. పదేళ్ళు నిండకముందే స్తోత్రాలన్నీ నోటికొచ్చాయి. ట్రైనింగ్ పూర్తయి వరంగల్‌లో ఉద్యోగం వచ్చాక నేను మొదట వెతుక్కున్నది అద్దె ఇల్లు కాదు, భజన మండలిని. శనివారం సాయంత్రం భజన లేకపోతే ఆ వారం నాకు డ్యూటీ చేతకాదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

మండలిలో నాకొక నియమం ఉండేది. డ్యూటీ బ్యాగు చెప్పుల దగ్గరే వదిలి లోపలికి పోవడం. లేకపోతే భజన మధ్యలో ఒకామె బీపీ చూడమంటుంది, ఇంకొకామె మోకాళ్ళ నొప్పి గోలీ అడుగుతుంది. "ఇక్కడ నేను సిస్టర్‌ను కాను, మీతోటి భక్తురాలిని" అని అందరికీ చెప్పేశాను. మా గురువుగారు ఒకసారి ఆ సంగతి పదిమందిలో మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు బాగా తలకెక్కింది. అది కూడా రాయాలి కదా.

మా మండలిలో అందరికంటే పెద్దావిడను పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. బజారులో వాళ్ళది పప్పుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. ఒక ఏడు ఎండాకాలంలో ఆమె ఇంట్లో సప్తాహం పెట్టుకున్నారు. ఏడు రోజులు, పొద్దున, మధ్యాహ్నం పారాయణం. పై అంతస్తు హాలంతా జంపఖానాలు పరిచి, రెండు కూలర్లు పెట్టారు. మొక్కు ఏమిటంటే మనవడు. పెండ్లయిన ఆరేళ్ళకు పుట్టిన మనవడు. అప్పటికి ఎనిమిది నెలలవాడు.

ఆ బాబు తల్లి కాజీపేట పిల్ల. వాళ్ళ నాన్న రైల్వేలో గార్డు. ఆ పిల్లకు ప్రతిదానికీ టైం రాసుకునే అలవాటు. బాబు ఎప్పుడు పాలు తాగాడు, ఎంతసేపు పడుకున్నాడు, అన్నీ ఫోనులో రాసేది. పెద్దమ్మ దాన్ని చెప్పుకొని నవ్వేది.

"మా కోడలు పాలు పట్టుడుకు గూడ టైంటేబుల్ పెట్టింది సిస్టరమ్మా! జర లేటయితే ఎర్రజెండా ఊపుతది."

మేమంతా నవ్వేవాళ్ళం. ఆ పిల్ల కూడా నవ్వేది, ఫోను మాత్రం వదిలేది కాదు.

సప్తాహం ఐదో రోజు. సెంటర్‌లో టీకాల రోజు కావడంతో నేను పోయేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బ్యాగు, చెప్పులు కింద మెట్ల దగ్గర వదిలి, కాళ్ళు కడుక్కొని పైకి పోయాను. ఒక అధ్యాయం ముగిసి, గురువుగారు మంచినీళ్ళు తాగుతున్నారు. ఆడవాళ్ళంతా మంటపం పక్కన ఉయ్యాల చుట్టూ చేరారు. బాబు అందులో పడుకొని ఉన్నాడు. నడినెత్తిన మెత్తటి మాడ మీద ఆముదంలో తడిపిన తమలపాకు. నుదుట విభూతి.

"సిస్టర్, నిన్న సాయంత్రం నుంచి బాబుకు..." అని కోడలు నా దగ్గరికి వచ్చింది.

పెద్దమ్మ అందుకుంది. "పండ్లు వస్తున్నయ్ గదా, జర విరేచనాలైనయ్. పాలు తాగితే పాలే పోతున్నయ్ అని నేనే పాలు తగ్గిచ్చిన. పొట్టకు విశ్రాంతి గావాలె. తీర్థం మాత్రం మూడు పూటలు పోస్తున్న. ఇగో, పొద్దటి నుంచి నయమే. చూడు ఎట్ల పండుకున్నడో, బంగారుతండ్రి."

పెద్దమ్మ మడిలో ఉంది. నేను టీకాలు వేసి వచ్చినదాన్ని, స్నానం చేయలేదు. అందుకని ఉయ్యాలను ముట్టుకోలేదు. రెండు మూరల దూరం నుంచే వంగి చూశాను. చూసి, నవ్వి, అందరికీ వినబడేటట్టు అన్నాను:

"మొన్న ఎంత అల్లరి చేసిండు! ఇయ్యాల నామం చెవుల పడంగనే యోగిలెక్క పండుకున్నడు. వీడు పుణ్యాత్ముడు పెద్దమ్మా."

"సిస్టరే చెప్పింది ఇగ!" అని పెద్దమ్మ మురిసిపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఉయ్యాలకు దండం పెట్టారు. కోడలు నా మొహం చూసింది, చేతిలోని ఫోను చూసుకుంది, తర్వాత దాన్ని ఆఫ్ చేసి నడుముకు దోపుకుంది. ఆ పిల్ల నన్ను ఇంకేమీ అడగలేదు. దవాఖానకు పోదామని పొద్దటి నుంచి అత్తను అడుగుతోందట. నా మాటతో ఆమె నోరు మూతపడింది. ఇది నాకు తర్వాత తెలిసింది.

గురువుగారు మళ్ళీ మొదలుపెట్టారు. నేను అరగంట విన్నాను. ఇంట్లో పని ఉండి, గురువుగారికి దూరం నుంచే దండం పెట్టి మెట్లు దిగాను.

కింద మా ఆశమ్మ నిలబడి ఉంది. ఎండలో నడిచివచ్చి మొహమంతా చెమట. చేతిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

"బాబు ఎట్లున్నడు అక్కా?" అంది.

"మంచిగున్నడు. హాయిగ పండుకున్నడు."

"లేపిన్రా?"

"ఎందుకు లేపాలె? పసిపిల్లగాడు."

"పొద్దుగాల పది గంటలకు ఆ పిల్ల ఫోన్ చేసింది అక్కా. నీళ్ళలెక్క విరేచనాలు అయితున్నయ్ అన్నది. ఇప్పుడేం చేస్తాండు అంటే పండుకున్నడు అన్నది. సిస్టర్ అక్కడికే వస్తది, చూస్తదిలే అని నేను మీటింగుకు పోయిన. ఇప్పుడు నాలుగైతాంది. ఇప్పుడు గూడ పండుకునే ఉన్నడా?"

నేను మెట్ల పైకి చూశాను.

"ముట్టుకోని చూసిన్రా లేదా?"

"పెద్దమ్మ మడిలో ఉన్నది..."

ఆమె నా చెప్పుల వంక చూసింది. పక్కనే ఉన్న నా బ్యాగు వంక చూసింది.

"చెప్పులతోని పాటు కండ్లు గూడ ఇక్కడనే ఇడిసిపెట్టి పోయిన్రా అక్కా?"

ఆ మాట నాకు మోకాలి మీద పడ్డ దెబ్బలా తగిలింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆఫీసర్లు చాలా తిట్టారు. ఇంత తిన్నగా ఎవరి మాటా తగలలేదు. నేను పాఠం చెప్పిన మనిషి ఆమె. బిడ్డ మత్తుగా పడుకొని, లేపినా లేవకపోతే అది నిద్ర కాదని నేనే ఆమెకు నేర్పాను.

బ్యాగు తీసుకున్నాను. చేతులు సబ్బుతో కడుక్కొని, ఆశమ్మను వెంటబెట్టుకొని మళ్ళీ పైకి పోయాను. పారాయణం నడుస్తోంది. అధ్యాయం మధ్యలో లేవకూడదు, మాట్లాడకూడదు. నేను నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయి బాబును చేతుల్లోకి తీసుకున్నాను.

"ఏందమ్మా ఇది! మైల!" అని పెద్దమ్మ కేక వేసింది. గురువుగారు చదవడం ఆపారు.

బాబు నా చేతుల్లో బరువుగా వాలిపోయాడు. పేరు పెట్టి పిలిచాను, పాదం మీద తట్టాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూశాడు. కళ్ళు గుంటల్లోకి పోయాయి. నోటిలో వేలు పెడితే నాలుక ఎండిపోయి ఉంది. మాడ మీద తమలపాకు తీశాను. దాని కింద మాడ గుంటపడి ఉంది. బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాను. వెంటనే సర్దుకోవాలి. ముడత అట్లాగే నిలబడి, మెల్లగా దిగింది.

"డైపర్ ఎన్నిసార్లు మార్చినవు తల్లీ?" అని కోడలిని అడిగాను.

ఆ పిల్ల నడుముకు దోపుకున్న ఫోను తీసింది. "నిన్న సాయంత్రం నుంచి తొమ్మిది విరేచనాలు. పొద్దుగాల ఆరున్నరకు ఒకసారి మూత్రం పోసిండు. దాని తర్వాత డైపర్ బరువైతనే ఉన్నది సిస్టర్, మూత్రమే అనుకున్న."

డైపర్ విప్పి చూశాను. అది మూత్రం కాదు, నీళ్ళ విరేచనం. పూర్వం గుడ్డలు కట్టినప్పుడు ఏది ఏదో చూడగానే తెలిసేది. డైపర్ అన్నీ పీల్చేసుకొని మంచిగా ఉన్నట్టే కనబడుతుంది. పొద్దున ఆరున్నర తర్వాత ఆ బిడ్డ మూత్రమే పోయలేదు.

ఇప్పుడు నేను చేయవలసింది ఒకటి ఉంది. బిడ్డను చంకనేసుకొని పరుగెత్తడం తేలిక. కానీ పెద్దమ్మ అడ్డం నిలబడి ఉంది. సప్తాహం మధ్యలో బిడ్డ గడప దాటకూడదని ఆమె పట్టు. సాయంత్రం హారతి అయ్యాక పోదామంటోంది. హాలులో ఉన్నవాళ్ళంతా ఆమె వైపే. ఎందుకంటే అరగంట కింద నేను చెప్పిన మాట అందరి చెవుల్లో ఉంది.

"పెద్దమ్మా" అన్నాను, "నేను ఇందాక చెప్పింది తప్పు. పిల్లగాడు పండుకోలేదు. ఒంట్ల నీళ్ళు అయిపోయి సోయి తప్పుతాండు. నేను ముట్టుకోకుండనే చెప్పిన. అందరి ముందర చెప్పిన, అందరి ముందరనే తప్పు ఒప్పుకుంటున్న. హారతి దాక ఆగితే పిల్లగాడు దక్కడు."

పెద్దమ్మ నా మీదికి ఒక అడుగు వేసింది.

"అప్పుడు పుణ్యాత్ముడు అన్న నోరేనా ఇది?" అంది పెద్దమ్మ.

"ఆ నోరే."

పెద్దమ్మ గురువుగారి వైపు తిరిగింది. ఆయన పుస్తకం మీద పట్టుగుడ్డ కప్పారు.

"నన్ను చూస్తవేంది అమ్మా?" అన్నారు. "పిల్లగాన్ని చూడు."

పెద్దమ్మ అప్పుడు చూసింది. దగ్గరికి వచ్చి, తన వేలు మాడ మీద పెట్టింది. ఆ గుంటలో వేలు దిగింది. ఆమె మొహం రంగు మారిపోయింది. మంటపం దగ్గరికి పోయి, తీర్థం పోసే చిన్న వెండి చెంచా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ చెంచాలు పెద్దయి. వాని నోరు చిన్నది" అంది.

ఆశమ్మ అప్పటికే కింద ఆటో ఆపింది. దుకాణంలో లీటరు నీళ్ళ సీసా అడిగి తీసుకొని, ప్యాకెట్ మొత్తం అందులో పోసి గిలకొట్టింది. ఇక్కడ ఒక్క మాట, అమ్మాయిలూ. ప్యాకెట్ సగం పోసి సగం దాచుకునేవాళ్ళను, గ్లాసు నీళ్ళలో మొత్తం కలిపి చిక్కగా పట్టేవాళ్ళను మీరు చాలా చూస్తారు. రెండూ ప్రమాదమే. ఒక ప్యాకెట్, ఒక లీటరు. కలిపినది ఆ రోజుకే.

ఆటోలో తల్లి ఒడిలో బాబు, పక్కన నేను, ముందు డ్రైవర్ పక్కన ఆశమ్మ. తల కొంచెం ఎత్తిపెట్టి, చెంచా చివరతో పెదవులు తడిపాను. నాలుకతో చప్పరించాడు. మింగగలుగుతున్నాడని తెలిసి ప్రాణం లేచి వచ్చింది. గబగబా పోస్తే కక్కుతాడు. అందుకని ఒక చెంచా, కాసేపు ఆగడం, మళ్ళీ చెంచా. గడియారం చూసే స్థితిలో లేను. పెదవుల మీద నామాలు అవే వచ్చాయి. పన్నెండు నామాలకు ఒక చెంచా. నా జన్మలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ జపం చేయలేదు. ఒకసారి కక్కాడు. కోడలు ఏడ్చింది. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. పాలు కూడా పట్టమన్నాను. ఆ పిల్ల భయంభయంగా రొమ్ము అందించింది. రెండుసార్లు చప్పరించి వదిలేశాడు.

"పాలియ్యొచ్చా సిస్టర్? అత్తమ్మ వద్దన్నది."

"పోయిన నీళ్ళు ఏడికెళ్ళి రావాలె మరి? అడిగినప్పుడల్లా ఇయ్యి. అడగకున్నా ఇయ్యి."

పెద్ద దవాఖాన పిల్లల వార్డులో డ్యూటీ డాక్టరమ్మ చిన్న పిల్ల. చూస్తూనే సెలైన్‌కు సూది తీసుకుంది. రక్తనాళం దొరకడానికి మూడు చోట్ల గుచ్చింది. ఆ మూడు సార్లూ బాబు ఏడవలేదు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఎక్కిన సెలైన్ మెల్లగా పనిచేయడం మొదలుపెట్టింది. రెండు గంటలు దాటాక నర్సు చేతి మీద ప్లాస్టర్ సరిచేయబోయింది.

బాబు ఒక్కసారిగా కేక వేసి ఏడ్చాడు. కంట్లో నీళ్ళు వచ్చాయి.

ఆ ఏడుపు విని నేను చేతులు జోడించాను. ఎన్నో భజనలు విన్నాను, గొప్ప గొప్ప గాత్రాలు విన్నాను. అంత తీపిగా ఏదీ వినబడలేదు. కాసేపటికి ఆశమ్మ వచ్చి చెవిలో చెప్పింది: "మూత్రం గూడ పోసిండు అక్కా. డాక్టరమ్మ కోటు మీదనే పోసిండు."

కోడలి ఫోనులోని టైములు చూసి డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. విరేచనం ఎప్పుడు, పాలు ఎప్పుడు, మూత్రం ఎప్పుడు అంతా వరసగా ఉంది. "ఇట్ల రాసి తెచ్చిన తల్లిని నేను చూడలే" అంది. తర్వాత "టైంకు తెచ్చిన్రు, ఎవరు గుర్తుపట్టిన్రు?" అని అడిగింది. కోడలు నన్ను చూపించింది. నేను ఆశమ్మను చూపించాను. ఆశమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

మా ఇద్దరికీ ఆ సంగతి మీద ఇప్పటికీ తగువు నడుస్తోంది. ఆ రోజు స్వామే నీ నోట మాట్లాడాడని నేనంటాను. "స్వామి ఏంది అక్కా, నేనే అన్న" అని ఆమె అంటుంది. నా నమ్మకం నాది. స్వామి మంటపంలో పట్టుబట్ట కట్టుకొని ఉంటాడని మాత్రమే అనుకొని, మెట్ల కింద చెమటలు కక్కుతూ ప్యాకెట్లు పట్టుకొని నిలబడి ఉంటాడని మరిచిపోవడం నా భక్తిలో లోపం. చదివిన శాస్త్రానికి అది కాదు అర్థం. నానమ్మ ఉంటే జపమాల తీసేది.

సప్తాహం ఆగలేదు. ఏడో రోజు మధ్యాహ్నానికి బాబును ఇంటికి పంపించారు. జింకు బిళ్ళలు పద్నాలుగు రోజులు వేయమని, విరేచనాలు తగ్గాయని మధ్యలో మానొద్దని చెప్పారు. ముగింపు హారతికి ముందు పెద్దమ్మ మైకు తీసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టే హక్కు ఆమెకు ఉంది.

"నా మనవనికి నేను పాలు బంద్ పెట్టిన" అంది మైకులో. "నేను. ప్రేమతోని. ఇగ సిస్టరమ్మ పది నిమిషాలు చెప్తది. ఎవ్వలు లేవొద్దు. లేచినోళ్ళకు ప్రసాదం లేదు."

నేను బ్యాగు పట్టుకొనే ముందుకు పోయాను. ఆ రోజు నుంచి మండలిలోకి బ్యాగు లేకుండా అడుగు పెట్టలేదు. ఏం చెప్పానో మీకు తెలిసినదే, అయినా మళ్ళీ చెప్తాను. విరేచనాలు మొదలైన బిడ్డకు తల్లిపాలు ఆపవద్దు, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. మొదటి నీళ్ళ విరేచనం నుంచే ఓఆర్ఎస్. ఆరు నెలలు నిండని బిడ్డకు ఎండాకాలంలో కూడా విడిగా నీళ్ళు అక్కర్లేదు, తల్లిపాలే నీళ్ళు. ఆరు గంటలు మూత్రం పోయకపోతే, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోతే, మాడ, కళ్ళు గుంటపడితే, తాగింది తాగినట్టు కక్కితే, విరేచనంలో రక్తం పడితే ఆగొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నీరసపడి పండుకున్న బిడ్డను లేపి చూడాలి. లేవకపోతే అక్కడినుంచే దవాఖాన.

"ఆముదం పెట్టొద్దా సిస్టర్?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"పెట్టుకోండ్రి. కానీ రోజుకు నాలుగుసార్లు ఆకు తీసి కింద చూడుండ్రి."

అందరూ నవ్వారు. ఆ ఏడు నుంచి మా మండలి ఎక్కడ సప్తాహం పెట్టినా హారతికి ముందు ఆ పది నిమిషాలు ఉంటున్నాయి. గురువుగారే దానికి టైం కేటాయించారు.

నేను రిటైరైన మరుసటి ఎండాకాలం. సాయంత్రం దీపం పెడుతుండగా ఫోను మోగింది. పెద్దమ్మ.

"సిస్టరమ్మా, మా దుకాణంల మూటలు మోసే అతని బిడ్డ. ఐదు నెలలది. వాంతులు, విరేచనాలు. వాళ్ళమ్మ పండుకున్నది అంటాంది. నేను ఎత్తుకోని లేపిన, లేవలే. మాడ చూసిన, గుంటనే ఉన్నది."

నేను దీపం అక్కడే వదిలి లేచాను. "ఇప్పుడే వస్తున్న పెద్దమ్మా, మీరు ఎక్కడున్నరు?"

ఫోనులో ఆటో చప్పుడు, హారన్లు. వాళ్ళ కోడలి గొంతు వినబడుతోంది, ఎవరికో టైము చెబుతోంది.

"పెద్ద దవాఖాన గేటు కాడున్నం. చెంచా నా చేతులనే ఉన్నది. నువ్వేం రాకు, పూజ చేసుకో."

ఫోను పెట్టేసింది. ఆ బిడ్డ మూడో రోజుకు తల్లి పాలు గట్టిగా కుడిచిందని తర్వాత చెప్పారు. ముప్ఫై ఏళ్ళు ఎన్నో టీకాలు వేశాను, ఎన్నో కాన్పులు చూశాను. నన్ను రావద్దన్న ఆ ఫోను గురించే నేను అందరికీ చెప్పుకుంటాను.